తీగ పాకం

ప్రొద్దుటూరు, అమ్మవారిశాల వెనక సందు.
మా అంగడికి బోర్డు లేదు,
కొలిమి ఊదే చప్పుడే బోర్డు.
మాబూచాను మనవరాలు ఆఫ్రీను
ఆ పొద్దు చెవులకు కమ్మలు కూడా లేకుండా వచ్చి కూర్చొని
"పెద్దాచారీ, వెంట్రుకలో నాలుగో వంతు తీగ
లాగుతావా?" అనింది.

బంగారు కాదు, ప్లాటినం.
నగకు కాదు, మెదడుకు.

నలభై ఏండ్లు జంత్రిలో తీగ లాగినోన్ని.
పెండ్లికూతుర్ల మెడలు కొలిచినా గానీ
మెదడు కొలత నన్నెవరూ అడగలేదు.
"ఎంత మెత్తన?" అంటే
"మా తాత ఏకిన దూది ఉంది చూడు,
ఇంచుమించు అంత" అనింది.
"కదులుతాదా?"
"ఊపిరి తీసినప్పుడల్లా."

జంత్రిలో ఆఖరి బెజ్జం దాటినాక
తీగ కంటికి ఆనదు.
చాప మీద పడితే తడివేలితో అద్ది తీయల్ల.
మూడుసార్లు తెగింది.
నాలుగోసారి ఫ్యాను ఆపించినా,
వీధిలో సోడాబండి దాటిపోయేదాకా
ఊపిరి బిగబట్టుకోని ఉన్నా.

ఒకనాడు కడపలో వాళ్ళ ల్యాబుకు పిల్చకపోయింది.
తెల్ల ఎలుక. దానికి పేరు లేదు, పదిహేడు.
నెత్తిన సిమెంటు టోపీ,
టోపీ కింద నా తీగ.
స్పీకరు తిప్పింది.
కాలిన పెనం మీద ఆవాలు!
చిటపట, రవ్వంత నిమ్మళం, మళ్ళా చిటపట.
"ఏమంటాంది?" అన్నా.
"మీసం కదిలిస్తాంది, అంతే."
అంతేనా?
నేనైతే ఎవరింట్లోనో తలుపు చాటున నిలబడి
వాళ్ళ మాటలు విన్నోని మాదిరి
తల వంచుకోని బస్సెక్కినా.

నలభై దినాలకు ఆవాలు ఆగిపాయె.
తీగ బాగానే ఉంది, మాంసమే ఒప్పుకోలే.
తుమ్మముల్లు దిగిన అరికాలు
ముల్లు చుట్టూ ఆనె కట్టుకున్నట్టు
మెదడూ కట్టుకున్నాదంట.
గట్టి తీగైతే దిగుతాది,
దిగినాక కోస్తానే ఉంటాది.
మెత్తటి తీగైతే కోయదు,
దిగనే దిగదు.
ఆ పిల్ల నా ముందర కూర్చొని
ఈ నాలుగు ముక్కలే ఏడెనిమిది మార్లు చెప్పింది.
లోపల మా ఇంటామె చెనక్కాయ ఉండలకు
బెల్లం కాస్తాంది.
"తీగ పాకమొచ్చింది, దించుదువు రా" అని కేకేసింది.

ఆఫ్రీను మొగం నేను చూసినా,
నా మొగం ఆఫ్రీను చూసింది.

చక్కెర పాకంలో ముంచి ఆరబెట్టినాం.
గాజుపుల్ల మాదిరి నిలబడింది తీగ.
లోపలి తడికి ఒక నిమిషంలో కరిగిపోయి
మళ్ళా వట్టి పోగు.
అంటే, తొలిసారికే కుదిరిందని కాదు.
ఒకసారి చీమలు పట్టినాయి.
పద్దెనిమిదో ఎలుక మాత్రం
ఐదు నెలలుగా మాట్లాడతానే ఉంది.

మొన్న అనింది:
"వినడమే కాదు పెద్దాచారీ, చెప్పొచ్చు గూడా."
అదే తీగ. ఈ పక్కనుంచి కరెంటు పంపింది.
ఎలుక కుడికాలు లేచింది.
మళ్ళా పంపింది, మళ్ళా లేచింది.
వణికే చేతులకు, పడిపోయిన కాళ్ళకు
ఇదెంత పనికొస్తాదో చెప్పింది. నమ్మినా.
ఎలుక మాత్రం
తన కాలిని తనే చూసుకునింది,
ఎవరిదో చెప్పు తొడుక్కున్నట్టు.

శనివారం శనివారం ఓబులమ్మ వచ్చి
మా అంగడి దుమ్ము కొనుక్కపోతాది,
గమేళాలో కడిగి పొడి బంగారు ఏరుకుంటాది.
ఈ వారం వేలికొన మీద ఏదో ఎత్తి చూపించింది.
"ఇది మన సరుకు కాదు కద సామీ, ఇంత తెల్లగా?"
కండ్లజోడు పెట్టుకున్నా నాకు కనపల్లే.
"ఏందిది?" అనింది.
"చెవి" అన్నా.
కాసేపాగి
"నోరు గూడా" అన్నా.
ఆమె వేలు కొంగుకు తుడుచుకొని
కల్తీ పడిందని
దుమ్ము రేటు పది రూపాయలు తగ్గించింది.